పదో డోసు

మా అన్నయ్య ఆడిన మాట తప్పే మనిషి కాడు. ఆ ఒక్క ఎండాకాలం తప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ, అసలు ఆ మాట అన్నయ్య నోట పలికించింది నేనే కదా అని కూడా గుర్తొస్తుంది. నిజానికి మా ఇంట్లో ఆ యేడు ఎవరూ చెడ్డపని చెయ్యలేదు. అందరం మంచివాళ్ళం అనిపించుకోబోయి మునిగాం.

అన్నయ్యది మోటార్లు చుట్టే పని. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే, లోపలి పాత తీగంతా పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేసి పంపేవాడు. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరించి లెక్క తప్పించారంటే, ఉజ్జాయింపుగా సరిపెట్టుకోవడం ఉండదు. మొదటి నుంచీ విప్పేస్తాడు. ఆ పట్టింపు చూసే వీధివాళ్ళు అంతకుముందు యేడు బలవంతంగా నిలబెట్టి వార్డు మెంబరుగా గెలిపించారు. గెలిచాక మనిషి మారలేదు గానీ, షాపులో మోటార్లు మాత్రం గుట్టలు పడ్డాయి.

నేను ఆ వార్డులోనే ఆరోగ్యకేంద్రంలో నర్సుని. ఇంట్లో నలుగురం: అమ్మ, అన్నయ్య, వదిన, నేను. జబ్బు రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలంలో టీకాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వచ్చినవి వచ్చినట్టే చాలడం లేదు. మాలాంటి ఆసుపత్రివాళ్ళకి ముందే వేసేశారు. తర్వాతి వరసలో పెద్దవయసు వాళ్ళతో పాటు, జనంలో తిరిగే మెంబర్లకీ పదవుల్లో ఉన్నవాళ్ళకీ వెయ్యవచ్చని పైనుంచి కాగితం వచ్చింది.

సరిగ్గా ఆ వారమే పేపర్లో గొడవ మొదలైంది. పక్క ఊళ్ళో ఒక పెద్ద నాయకుడు టీకాల పెట్టెని ఇంటికే తెప్పించుకుని, బావమరిదికీ, బావమరిది డ్రైవరుకీ, ఇంట్లో కుక్కని తిప్పేవాడికీ కూడా వేయించాడట. అక్కడి ఆసుపత్రి ఊడ్చేవాళ్ళకి అప్పటికింకా పడలేదు. మేం టీకా వేసే చోట వరసలో నిలబడ్డవాళ్ళకి అదే కబురు. మా వీధిలో రిటైరైన గుమాస్తా ఒకాయన ఉన్నాడు, అందరూ ఆయన్ని రేడియో అంటారు. ఆయన చెవిన పడిన మాట సాయంత్రానికి వార్డంతా మోగుతుంది. ఆయన నాకు వినపడేలా, మన మెంబరుకి ఎప్పుడో పడిపోయి ఉంటుందిలే, సూది చెల్లెలి చేతిలోనే కదా ఉంది అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే అన్నయ్యతో చెప్పాను. "నీ పేరు లిస్టులో ఉంది. అయినా నువ్విప్పుడే వేసుకోకన్నయ్యా. నా చేత్తో నీకు వేస్తే రేపట్నుంచి నేను ఆ గదిలో తలెత్తుకుని కూర్చోలేను."

అన్నయ్య సరే అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు బడి ఆవరణలో మీటింగు పెట్టి, "మన వార్డులో ఆఖరి మనిషికి పడ్డాకే నాకు" అని మైకులో చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. పేపరువాళ్ళు ఫోటో వేశారు. నేను గర్వంతో ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి అంటించాను.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివింది. "ఫోటో బాగా పడింది. మాటే బాగాలేదు" అంది.

అన్నయ్య నవ్వి, ఏం తప్పుందమ్మా అందులో అన్నాడు. అమ్మ మిషను మీద మాస్కులు కుడుతూ, తలెత్తకుండానే చెప్పింది. "చిన్నప్పుడు నీకు మందు పట్టాలంటే తలప్రాణం తోకకొచ్చేది. 'నువ్వు తాగావా' అని అడిగేవాడివి. నేను ముందొక చెంచా తాగి, చేదు లేదని మొహం పెట్టి చూపిస్తే గానీ నోరు తెరిచేవాడివి కాదు. నీ మందు నేను దొంగిలించి తాగినట్టా అది? పెద్దవాళ్ళు ముందు తాగాల్సిన మందులు కొన్నుంటాయిరా."

ఆ పక్క ఊరి నాయకుడికీ తనకీ తేడా ఉండాలి కదా అన్నాడు అన్నయ్య. అతగాడు తలుపులేసుకుని వేసుకున్నాడు, నువ్వు తలుపులు తీసి వేసుకో, అదే తేడా అంది అమ్మ. అన్నయ్య వినలేదు. అప్పుడు మిషను ఆపి, "అయితే నాదీ ఒక మాట. నీకు పడ్డాకే నాకు" అంది.

అమ్మ భయం సూది గురించి కాదు. అన్నయ్య పొద్దున్నే మోటార్లు మోసే బండి తీసుకుని బయల్దేరి, ఆక్సిజన్ సిలిండర్లు మోసుకెళ్ళి ఇళ్ళల్లో దింపి వచ్చేవాడు. ఎవరూ ముట్టుకోని రోగుల్ని ఎత్తి బండిలో పడుకోబెట్టేవాడు. వార్డులో అందరికంటే ఎక్కువ జబ్బు ముందు నిలబడేది తన కొడుకే అని అమ్మకి తెలుసు. తను మొండికేస్తే వాడు దిగొస్తాడని ఆవిడ లెక్క.

మా వదిన మాటల మనిషి. "అత్తయ్యా, మీకు పడితే గానీ వార్డు పూర్తవదు, వార్డు పూర్తయితే గానీ ఈయన వేసుకోరు, ఈయన వేసుకుంటే గానీ మీరు వేసుకోరు. గుమ్మం దగ్గర నిలబడి ముందు మీరంటే ముందు మీరనుకుంటూ, ఇద్దరూ బస్సు తప్పిపోయేలా ఉన్నారు" అంది. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

టీకా వేసేది బడిలో మూడో తరగతి గదిలో. బెంచీలు గోడకి జరిపి, ఒక బల్ల మీద ఐసు పెట్టె, దాని పక్కన లిస్టు పెట్టుకునేదాన్ని. లిస్టు ఇళ్ళవారీగా ఉంటుంది. ఒక్కో సీసాలో పదిమందికి సరిపోయే మందు ఉంటుంది. మూతలో సూది గుచ్చాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, లేదంటే మిగిలింది పారెయ్యాలి. అందుకని సాయంత్రం వేళ కొత్త సీసా తెరవాలంటే గుమ్మంలో తలలు లెక్కపెట్టుకునేదాన్ని.

ఒక శనివారం పదిమంది ఉన్నారని లెక్క చూసుకుని ఆఖరి సీసా తెరిచాను. తొమ్మిదిమందికి వేశాక తెలిసింది, పదో మనిషి భార్యకి తోడు వచ్చిన ముసలాయన అని. ఆయనకి ఎప్పుడో పడింది. గంటసేపు చూశాం. వీధిలోకి వెళ్ళి కేకేసినా, దారినపోయేవాళ్ళెవరూ రాలేదు. టీకా వేసుకున్న తొమ్మిదిమందీ అరగంట కూర్చుని వెళ్ళాలన్న నియమం దాటిపోయినా, ఈ పదో డోసు ఏమవుతుందో చూద్దామని అక్కడే ఉన్నారు. వాళ్ళలో రేడియో కూడా ఉన్నాడు.

అప్పుడే అన్నయ్య ఎవరికో మందుల చీటీ కోసం వచ్చాడు.

డాక్టరమ్మ మంచి మనిషి. "సమయానికి వచ్చారు మెంబరుగారూ, కూర్చోండి. ఇంకో పది నిమిషాల్లో గది మూసేస్తే ఇది పారబొయ్యాలి" అంది. ఇందులో ఎవరి వంతూ తప్పించినట్టు కాదని అందరికీ వినపడేలా కూడా చెప్పింది.

అన్నయ్య నా వైపు చూశాడు. వేసుకో అన్నట్టు నేను కొంచెం తలాడించి ఉంటే చాలు. ఆ తొమ్మిదిమంది మొహాలూ నా మీదే ఉన్నాయి. నేను లిస్టులోకి తల దించుకున్నాను.

"నా వంతు వచ్చినప్పుడు వేసుకుంటానండీ" అని అన్నయ్య చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను సీసాని ఎర్ర డబ్బాలో వేశాను. డబ్బా అడుగున అది టక్కుమన్న చప్పుడు అందరూ విన్నారు. మా మెంబరు ఎంత నిజాయితీపరుడో ఇవాళ కళ్ళారా చూశారు, రేపు రేడియో వార్డంతా చెబుతాడు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

రేడియో చెప్పాడు, కాదనను. కానీ చెప్పింది వేరు. పారబోసే మందు కూడా వేసుకోలేదంటే అందులో ఏదో ఉంది అన్నాడు. చెల్లెలు నర్సు, లోపలి సంగతి తెలియకుండా ఉంటుందా అన్నాడు. కన్నతల్లి కూడా ఇంకా వేయించుకోలేదు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన చూసిందే చెప్పాడు. మా కడుపులో ఉన్నది ఆయనకెలా కనపడుతుంది?

అంతకుముందు రోజుకి అరవై డెబ్భై మంది వచ్చేవాళ్ళు. తర్వాతి వారం ముప్ఫై అయ్యారు, ఆ పై వారం పదకొండు. సీసా తెరవడానికే పదిమంది పోగవక, వచ్చిన నలుగురినీ రేపు రమ్మని పంపేస్తే, రేపు ఇద్దరే వచ్చేవాళ్ళు. నేను లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూల మీద టైలరు కత్తెర కూడా కింద పెట్టకుండా, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు నర్సమ్మా. ముందు మీ అమ్మగారికి వెయ్యండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. తర్వాత ఆ నెలలోనే ఆ టైలరు ఇంట్లో ఇద్దరు పోయారు.

టైలరు ఆ మాటన్న రోజే అన్నయ్య షాపుకి వెళ్ళాను. ఒక మోటారు ముందు కూర్చుని చుట్లు లెక్కపెడుతున్నాడు. ఆగకుండా చెప్పేశాను, లెక్క తప్పితే తప్పనీ అని. "వద్దన్నది నేనే. నా పరువు చూసుకుని వద్దన్నాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను, వేసుకో అన్నయ్యా. జనం నిన్ను చూసి ఆగిపోయారు."

తీగ చేతిలోనే ఉంది. వేసుకుంటే ఆఖరికి వీడూ అంతే అంటారు, వేసుకోకపోతే మందులో ఏదో ఉందంటారు, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. "చుట్టు తప్పిందని తెలిస్తే విప్పెయ్యడం నాకు చేతనవును. నేను మాటకి కట్టుబడ్డాననే అనుకున్నాను గానీ, తప్పుతున్నాననుకోలేదు."

"తప్పింది అన్నయ్యా" అన్నాను.

చేతిలో తీగ విప్పెయ్యడం మొదలుపెట్టాడు. "మళ్ళీ మందు ఎప్పుడొస్తుంది?"

గురువారం అన్నాను. గురువారం అందరి ముందూ వేసుకుంటానని, అమ్మని కూడా తనే బండి మీద తీసుకొస్తానని చెప్పాడు. అది ఆదివారం.

అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. పైకి మాత్రం, ఇన్నాళ్ళకి జ్ఞానోదయమైంది అని ఎత్తిపొడిచింది. బీరువాలోంచి అన్నయ్య పొట్టిచేతుల చొక్కా తీసి, భుజం దాకా మడత పడుతుందో లేదో చూసి, ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం, సూది దిగేటప్పుడు వాడి మొహం చూడాలి అని వదినతో చెప్పి నవ్వుకుంది. నొప్పెట్టినట్టు అరిచి ఆటపట్టిస్తా వాణ్ణి అంది.

మంగళవారం మధ్యాహ్నం అన్నయ్య ఒళ్ళు నొప్పులంటూ పెందలాడే ఇంటికొచ్చాడు. ఎండ దెబ్బ అన్నాడు. అమ్మ తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చి చూసేసరికి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లేవమని కేకలేశాను. లేచింది గానీ, లేస్తూ కూడా గుడ్డ తిరగేసి వేసి లేచింది.

బుధవారం అన్నయ్యకి పరీక్షలో జబ్బని తేలింది. గురువారం, ఆ చొక్కా కొక్కేనికే ఉండగా, అమ్మ పళ్ళు తోముకుంటూ పేస్టుకి వాసన లేదేమిటే అని అడిగింది.

అన్నయ్యకి ఆరు రోజుల్లో తగ్గిపోయింది. బరువులు మోసిన ఒళ్ళు. అమ్మని ఐదో రోజు ఆసుపత్రికి మార్చాం. అన్నయ్య ఎవరెవరికో మోసిన సిలిండర్ల లాంటిదే ఒకటి అమ్మ మంచం పక్కన ఉంది. లోపలికి నన్నొక్కదాన్నే రానిచ్చారు, నర్సునని. తొమ్మిదో రోజు పొద్దున అమ్మ నన్ను అన్నయ్య గురించి ఒక మాట అడిగింది. నేనొక అబద్ధం చెప్పాను. మధ్యాహ్నానికి అమ్మ లేదు. ఆ అబద్ధం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

అంత్యక్రియలకి మేం ముగ్గురమే. దూరంగా నిలబడమన్నారు, నిలబడ్డాం. ఏడవడానికి ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకోవడానికి కూడా జంకాం.

వారం తిరక్కుండానే అన్నయ్య బడికి వచ్చాడు. ఒంటి మీద ఆ పొట్టిచేతుల చొక్కా ఉంది, అమ్మ చేసిన ఇస్త్రీ మడతలతోనే. బల్ల ముందు కూర్చుని చెయ్యి చాపాడు. గదిలో ఓ ఏడెనిమిది మంది ఉన్నారు. డాక్టరమ్మే చెప్పింది, జబ్బు వచ్చి తగ్గినవాళ్ళకి ఆరు వారాల దాకా వెయ్యకూడదని.

అన్నయ్య చెయ్యి అలాగే చాపి ఉంచాడు కాసేపు. తర్వాత లేచి జనం వైపు తిరిగాడు. మీటింగుల్లో మాట్లాడేట్టు కాకుండా, షాపులో మాట్లాడేట్టు చెప్పాడు. "ఆ రోజు మిగిలిన మందు నేను భయపడి వద్దనలేదు. మంచివాడు అనిపించుకోవాలని వద్దన్నాను. మా అమ్మ వేసుకోమని పోరింది. నేను వేసుకుంటే తనూ వేసుకునేది. ఇంతే జరిగింది. ఎవరికైనా చెప్పుకోండి."

రేడియో గుమ్మంలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ మాటలు వార్డంతా మోగాయి. ఈసారి ఒక్క ముక్క కూడా కలపలేదు ఆయన.

మర్నాటి నుంచి అన్నయ్య రోజూ వచ్చి గుమ్మం పక్కన, మూడో తరగతి పిల్లల పొట్టి బెంచీ మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరినీ బతిమాలేవాడు కాదు. అడిగినవాళ్ళకి అమ్మ సంగతి చెప్పేవాడు, అంతే. మొదట టైలరు వచ్చాడు, మిగిలిన కొడుకుని వెంటబెట్టుకుని. తర్వాత ఆ వీధంతా వచ్చింది. మళ్ళీ రోజుకి ఆరేడు సీసాలు తెరిచాను. కొందరు సూది వేయించుకుని వెళుతూ అన్నయ్య భుజం తట్టేవాళ్ళు. అలా తట్టినప్పుడల్లా తల వంచుకునేవాడు. అమ్మ ఒక్కసారి వచ్చి ఈ వరస చూస్తే బాగుండును అనిపించేది నాకు. చూడ్డానికి అమ్మ లేకపోవడం వల్లే ఆ వరస వచ్చిందని వెంటనే గుర్తొచ్చి, చేతిలో సూది ఆగిపోయేది.

మొదటి వానలు పడే వేళకి లిస్టు చివరికి వచ్చింది. ఆ రోజు మిగిలిన తొమ్మిదిమందికీ వేశాను. పెద్దవాళ్ళు, కదల్లేనివాళ్ళు, ఊరెళ్ళి వచ్చినవాళ్ళు అందరూ అయిపోయారు. లిస్టులో మా ఇంటి పేజీ తీశాను. వదిన గడి నిండి ఉంది. అమ్మ పేరుకి ఎదురుగా గడి ఖాళీగా ఉంది. వేసుకోకపోతే కారణం రాయాలక్కడ. దాని కిందే అన్నయ్య పేరు. ఆరు వారాలూ ఆ ముందు రోజుతో నిండాయి. ఆఖరి మనిషికి పడ్డాకే నాకు అన్న మాట, తను కోరకుండానే నెగ్గింది.

గదిలో మేమిద్దరమే ఉన్నాం. డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్ళింది. అన్నయ్య కూర్చుని అదే చొక్కా చెయ్యి మడిచాడు. దూదితో భుజం తుడుస్తుంటే ఇక దాచుకోలేకపోయాను.

"ఆసుపత్రిలో అమ్మకి అబద్ధం చెప్పానన్నయ్యా. వాడికి పడిందా అని అడిగింది. పడిందన్నాను."

అన్నయ్య అడిగాడు, "ఏమంది?"

"మరి నాకూ వెయ్యి అని చెయ్యి చాపింది. నేను దూదితో తుడిచి, అయిపోయిందమ్మా అన్నాను. నొప్పే లేదే అంది."

అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. చాపిన చెయ్యి మాత్రం కదల్చలేదు. బయట వాన మొదలైంది. "కానియ్" అన్నాడు.

సూది దింపాను. తర్వాత అలవాటు కొద్దీ సీసాని కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. ఆ రోజు పారబొయ్యడానికి అందులో ఏమీ మిగల్లేదు.